దేవప్రసాద్ గారి అరచెయ్యి

బోర్డు మీద ఎవరు ఏం రాసినా, వాళ్ళు సుద్దముక్క కింద పెట్టేలోపే దేవప్రసాద్ గారి అరచెయ్యి దాని మీద పడుతుంది. డస్టర్ పక్కనే ఉంటుంది. ఆయన దాన్ని ముట్టుకోగా నేను చూడలేదు.

అనకాపల్లిలో మా లెక్కల టీచర్లకు ట్రైనింగ్ ఎప్పుడు జరిగినా నేర్పేది ఆయనే. ఒక్కొక్కరినీ పిలిచి లెక్క చేయిస్తారు. చూస్తారు. తుడిచేస్తారు. తప్పయినా అంతే, ఒప్పయినా అంతే. ఆ తర్వాత ఖాళీ బోర్డు చూపించి, "ఇప్పుడు దీని గురించి మాట్లాడుకుందాం" అంటారు.

"దేని గురించి మాస్టారూ?" అంటాడు నూకరాజు.

నూకరాజు మా వాట్సాప్ గ్రూపు అడ్మిన్. బోర్డు మీద గీత పడితే చాలు, ఫోటో తీసి గ్రూపులో పెట్టాలి. పాపం, అతని ఫోటోల్లో లెక్క ఉండదు. పెద్ద తెల్లటి చెయ్యి ఉంటుంది. గ్రూపులో వాళ్ళు ఆ చేతికే దణ్ణాలు పెడతారు.

ఆ చెయ్యి ట్రైనింగ్ గది దాటినా ఆగదు. బంగారయ్య టిఫిన్ హోటల్లో గోడకున్న టిఫిన్ల బోర్డును నడుస్తూ నడుస్తూ తుడిచేశారు.

"మాస్టారూ! పూరీ ఇంకా ఉందండీ! ఏటలా సెరిపేసేరు?"

"అలవాటయ్యా."

"మీ అలవాటుకి నా పూరీలు మిగిలిపోతన్నాయండి."

చర్చిలో పాటల నంబర్లు రాసిన పలకను ఒకసారి ఎవరో ఆయన కూర్చున్న చోటు పక్కనే పెట్టారు. మొదటి పాట అయ్యేసరికి మిగతా నంబర్లు లేవు. జనం తలో పాట అందుకున్నారు. మరుసటి ఆదివారం ఆ పలక ఆయనకు అందనంత ఎత్తుకు పోయింది.

"ఈయన ప్యాంట్లు ఉతికిన నీళ్ళతో ఇల్లంతా వెల్ల వెయ్యొచ్చండి" అంటారు ఆయన భార్య షైనీ గారు.

మొన్నటి ట్రైనింగుకు పావని వచ్చింది. సముద్రం వైపు ఒక బడిలో కొత్తగా చేరిన అమ్మాయి. అయిదో తరగతి లెక్కలు తనకిమ్మని అడిగింది. "ట్రైనింగులో ఎలా చేస్తావో చూసి చెప్తాను" అన్నాడట హెడ్మాస్టరు. ఆయనా మా గ్రూపులోనే ఉన్నాడు.

3.7, 3.12. ఏది పెద్దది?

పావని 3.12 చుట్టూ సున్నా చుట్టింది.

దేవప్రసాద్ గారి చెయ్యి లేచింది. కానీ ఆయన అప్పుడు కిటికీ దగ్గరున్నారు. ఆయన వచ్చేలోపు నూకరాజు ఫోను గెలిచేసింది.

"పడిందోయ్!" అని కేక వేసి, అదే ఊపులో గ్రూపులో పెట్టేశాడు. అప్పుడు చూసుకున్నాడు. "అయ్యబాబోయ్, తీసేత్తన్నానుండండి" అంటూ ఫోను మీద తడుముకున్నాడు. ఈలోపే హెడ్మాస్టరు అడిగేశాడు: ఎవరు రాశారిది?

పావని మొహం పాలిపోయింది. "పుస్తకంలో అభ్యాసం 3.7 తర్వాతే కదండీ 3.12 వత్తాది?" అంది మెల్లగా.

దేవప్రసాద్ గారి మొహం వెలిగిపోయింది. "ఓలమ్మా! పిల్లలు ఈ తప్పెందుకు చేత్తన్నారా అని ఇన్నేళ్ళు జుట్టు పీక్కున్నాను. మన పుస్తకమే నేర్పేత్తంది! ఏదీ, ఏడు పక్కన ఓ సున్నా పెట్టి చూడమ్మా."

పెట్టింది. డెబ్బై, పన్నెండు. తల పట్టుకుంది.

గ్రూపులో హెడ్మాస్టరు ప్రశ్న అలాగే ఉంది.

సాయంత్రం బస్టాండుకు నడుస్తూ అడిగాను. "తప్పు తుడిచేరంటే సరే మాస్టారూ. ఒప్పు కూడా ఎందుకు?"

"తప్పులే తుడిస్తే, తుడిచిందల్లా తప్పని అందరికీ తెలిసిపోదేటయ్యా?" అన్నారు. కాస్త దూరం నడిచాక, "మనవాళ్ళు ఇక్కడ భయపడితే, రేపు వీళ్ళ దగ్గర పిల్లలు భయపడతారు" అన్నారు.

మర్నాడు పొద్దున్న మేము వెళ్ళేసరికి బోర్డు నిండా ఆయన చేతిరాత. 3.7, 3.12. 3.12 చుట్టూ దిట్టంగా సున్నా. కింద సంతకం: దేవప్రసాద్.

"నూకరాజూ, నిన్నటి ఫోటో సరిగ్గా పడలేదు. ఇది తీసి గ్రూపులో పెట్టు."

"మాస్టారూ, ఇది తప్పండీ!"

"తెలుసు. సంతకం కూడా పడాలి."

ఫోటో పడింది. ఆయన పావనిని పిలిచి సుద్దముక్క చేతికిచ్చారు.

"రామ్మా, నా తప్పు దిద్దు. నూకరాజూ, ఇదీ తియ్యి. మేడమ్ మొహం బాగా పడాలి."