కోడి బొమ్మ

డెబ్బైల్లో బాలానగర్ కార్ఖానాల వెనక, బాలవాడి టీచర్లను తయారుచేసే కళాశాలలో భ్రమరాంబ గారు పాఠాలు చెప్పేవారు. కోపమొస్తే కొంగు నడుముకు బిగించేవారు. వేళ్ళ మధ్య సుద్దముక్క పిండైపోయేది. విద్యార్థినులకు పాఠం చెప్పే పరీక్ష ఉంటే, దానికి తెచ్చే కార్మికుల పిల్లల చేత ముందే జవాబులు వల్లె వేయించడం అక్కడి ఆనవాయితీ. ఒకసారి ఆ పరీక్షలో విద్యార్థిని రుక్కమ్మ కంగారులో ఆవుకు బదులు కోడి బొమ్మ ఎత్తింది. పిల్లలంతా ఒక్క గొంతుతో "ఆవు!" అని అరిచారు. పరీక్షాధికారి టీ చప్పరిస్తూ, సిగ్గు లేకుండా మార్కులు వేశాడు.

"పిల్లలకు కళ్ళు లేకుండా చేశారు కదర్రా!" భ్రమరాంబ గారు బొమ్మ లాక్కుని, ముందు వరసలోని పాప ఎదుట చతికిలబడ్డారు. "నువ్వు చెప్పమ్మా, ఇదేమిటి?"

పొద్దున్నే కోళ్ళకు నూకలు చల్లి వచ్చిన ఆ పాప రుక్కమ్మ వైపు బెదురుగా చూసింది.

"ఏమని చెప్పాలె అక్కా?"