ఒంటికన్ను కారూ, నా నాలుగు ఆప్షన్లూ

ఆ రోజుల్లో నాకు ప్రపంచమంతా నాలుగు ఆప్షన్లుగానే కనిపించేది. ఢిల్లీ కరోల్ బాగ్‌లో సివిల్స్ కోచింగ్‌కి రెండేళ్ళు కూర్చుంటే ఎవరికైనా అంతే. కూరగాయల బండి దగ్గర నిలబడి కూడా బెండకాయా, సొరకాయా, రెండూనా, రెండూ కావా అని ఆలోచించేదాన్ని. జవాబు తెలియకపోతే తప్పువాటిని ఒక్కొక్కటిగా కొట్టేసుకుంటూ పో, మిగిలిందే జవాబు అని మా సార్ నేర్పిన పద్ధతి. ఆ పద్ధతిలోనే ప్రిలిమ్స్ రెండుసార్లు తప్పాను. (పద్ధతిలో లోపం లేదని ఇప్పటికీ వాదిస్తాను. కొట్టేయకూడనివి కొట్టేశాను, అంతే.)

అప్పుడు ఢిల్లీ పక్కనే ఇందిరాపురంలో బాబాయి వాళ్ళింట్లో ఉండేదాన్ని. బాబాయి సైన్యంలో పాతికేళ్ళు బళ్ళ మరమ్మతులు చేసి రిటైరైన మనిషి. రెండో ఫలితం వచ్చిన రోజు మా నాన్న ఊరి నుంచి ఫోన్ చేసి, "ఇక చాలు, సామాన్లు సర్దుకుని వచ్చెయ్. బీఈడీలో చేరుదువుగాని" అన్నారు. ఆ ఫోన్ లాక్కుని బాబాయి, "అవునన్నయ్యా, నేనూ అదే అనుకుంటున్నా" అన్నాడు. నేను పక్కనే ఉన్నానన్న ఇంగితం కూడా లేదు. నాన్న మాటకి ఏడుపొచ్చింది. బాబాయి మాటకి మాత్రం ఒళ్ళు మండింది.

ఇదిగో అదిగో అంటూ నేను ప్రయాణం వాయిదా వేస్తుండగానే చలికాలం వచ్చింది, బాబాయి కారు కుడి హెడ్‌లైట్ మందగించింది. ఎడమది ధగధగా వెలిగేది, కుడిది పచ్చగా, నిద్రమొహంతో చూసేది. డిసెంబరు పొగమంచులో పొద్దున్న ఏడింటికైనా లైట్లు సరిగ్గా లేకపోతే గేటు దాటలేం. బల్బు పోయింది అని తేల్చేశాడు బాబాయి. కొత్తది వేశాడు, మారలేదు. మార్కెట్ మూలనున్న మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళి, వాడు నోరు తెరవకముందే "బల్బే కదా?" అన్నాడు. ఫౌజీ సాబ్ మాట కాదనడం ఎందుకని వాడు "జీ సర్, బల్బ్ హీ హై" అని ఇంకోటి వేసి పంపించాడు. మూడో బల్బు డబ్బా విప్పుతుంటే నేను ఉండబట్టలేక, "బాబాయ్, బల్బు కాదేమో" అన్నాను.

"నలభై టన్నుల బళ్ళు విప్పి బిగించిన చేతులివి. రెండుసార్లు పరీక్ష తప్పినదానివి, నువ్వు చెప్తావా నాకు?" అన్నాడు. వంటింట్లోంచి పిన్ని, "పిల్లని పట్టుకుని అలాగంటారేంటండీ!" అని కేకేసింది. కానీ అనాల్సింది అనేశాడు కదా.

"సరే. ఆదివారం పొద్దున్న ఒక్క గంట కారు నాకివ్వు. రోగమేంటో పట్టుకుంటే నాన్నకి నువ్వే ఫోన్ చేసి, ఇంకో ఏడాది నన్నిక్కడ ఉండనిమ్మని చెప్పాలి. పట్టుకోలేకపోతే సోమవారమే రైలెక్కుతా" అన్నాను. బాబాయి మీసం సవరించుకుని "ఠీక్ హై" అన్నాడు.

ఆదివారం కింద పార్కింగ్‌లో మంకీ క్యాపుల అంకుల్స్ అందరూ టీ గ్లాసులతో సహా హాజరయ్యారు. స్విచ్చులు వెయ్యడానికి పిన్ని డ్రైవర్ సీట్లో కూర్చుంది. నేను పద్ధతి ప్రకారం మొదలుపెట్టాను. బ్యాటరీ అయితే రెండు లైట్లూ మందగించాలి, కాబట్టి కొట్టేశాను. ఫ్యూజు పోతే అసలు వెలగనే వెలగదు, అదీ కొట్టేశాను. తర్వాత కుడి బల్బు తీసి ఎడమకీ, ఎడమది కుడికీ మార్చాను. (గాజు భాగాన్ని వేళ్ళతో ముట్టుకోకుండా రుమాలుతో పట్టుకున్నాను. అది బాబాయి నేర్పిందే, ఒప్పుకుంటాను.) మందగించిన బల్బు ఎడమవైపు దివ్యంగా వెలిగింది, మంచి బల్బు కుడివైపు చేరి మొహం వేలాడేసింది. బాబాయి దగ్గాడు. ఇక మిగిలింది పైన అద్దానికి పట్టిన మసక. టూత్‌పేస్టుతో చేతులు నొప్పెట్టేలా రుద్దాను. అద్దం తళతళలాడింది గానీ వెలుతురు ఇసుమంతైనా పెరగలేదు.

నాలుగు ఆప్షన్లూ కొట్టేశాను, జవాబు లేదు. ఇలాంటి ప్రశ్న మా సార్ ఎప్పుడూ ఇచ్చి ఎరగడు. ఒక సర్దార్జీ అంకుల్ జాలిపడి, "బేటీ, ఏక్ బార్ హార్న్ బజాకే దేఖో" అని సలహా ఇచ్చారు. బాబాయి గడియారం చూసుకున్నాడు. నాకు సోమవారం రైలూ, బీఈడీ కాలేజీ గేటూ కళ్ళముందు కనిపించాయి. నిజంగా భయం వేసింది.

అప్పుడు పిన్ని హారన్ కొట్టబోయి, కంగారులో కుడి ఇండికేటర్ వేసింది. ఇండికేటర్ కొట్టుకున్నప్పుడల్లా హెడ్‌లైట్ కూడా ఉలిక్కిపడటం మొదలుపెట్టింది. "పిన్నీ, అలాగే ఉంచు!" అని అరిచాను. రెండింటి కరెంటూ ఒకే దారిన బ్యాటరీకి వెనక్కి పోవాలి, ఆ దారే మూసుకుపోయింది. అంటే ఎర్త్ వైరు. ఒక వైరు ముక్కతో బల్బు ఎర్త్‌ని నేరుగా బ్యాటరీ నెగటివ్‌కి కలిపాను. కుడి లైటు భగ్గున వెలిగి, ఎదురుగా ఉన్న అంకుల్స్ కళ్ళకి చేతులడ్డం పెట్టుకున్నారు. ఎర్త్ వైరు వెంట వేలు పెట్టుకుంటూ పోతే హెడ్‌లైట్ వెనకాల ఎర్రగా తుప్పు పేరుకున్న ఎర్త్ బోల్టు దొరికింది. దానికి అతుక్కుని చిన్న కొబ్బరి పీచు.

అందరికంటే ముందు పిన్నికే అర్థమైంది. ప్రతి దసరాకీ బాబాయి కారుకి పూజ చేసి, కొబ్బరికాయ బంపరు మీదే కొట్టి, నీళ్ళు బానెట్ కుడి మూలన మూడుసార్లు భక్తిగా పోస్తాడు. ఆరు దసరాల కొబ్బరినీళ్ళు ఆ సందులోంచి దిగి తిన్నగా బోల్టు మీదే పడ్డాయి. "కింద కొట్టండీ అని ఏటేటా మొత్తుకుంటూనే ఉన్నాను!" అంది పిన్ని. "దేవుడి నీళ్ళకి తుప్పెలా పడుతుంది?" అన్నాడు బాబాయి. అంటూనే గరుకు కాగితం తెప్పించి, బోల్టు తనే తళతళా గీకి బిగించాడు. చేతులు తుడుచుకుని అందరి ముందూ ఫోన్ తీశాడు. "అన్నయ్యా, పిల్లని ఇంకో ఏడాది ఉండనీ. తప్పెక్కడుందో పట్టుకునే పిల్ల" అన్నాడు. (తప్పు ఎవరిదో మాత్రం చెప్పలేదు.)

మూడోసారి కూడా తప్పాను. హెడ్‌లైట్ల మీద ఒక్క ప్రశ్నా ఇవ్వలేదు మరి. అయినా ఆ ఏడాది నాది. ఎవరో దయతలచి ఇచ్చింది కాదు, బానెట్ ఎత్తి నేను తీసుకున్నది. ఆ ఏడాదిలోనే ఇక్కడ ఉద్యోగం వెతుక్కున్నాను, తిరిగి వెళ్ళలేదు.

ఇప్పుడు నా కారుకీ దసరాకి బాబాయే కొబ్బరికాయ కొడతాడు. నేను బంపరుకి అడ్డంగా నిలబడి "కింద, బాబాయ్" అంటాను. "అచ్ఛా, మేడమ్" అని నేల మీదే కొడతాడు గానీ, నేనటు తిరగ్గానే నాలుగు చుక్కలు కుడి మూలన చిలకరిస్తాడు. చూసీ చూడనట్టు ఊరుకుంటాను. మర్నాడు నా కారు బానెట్ ఎత్తి ఆ మూలనున్న బోల్టు తుడుస్తుంటే, రెండుసార్లు పరీక్ష తప్పి, చేతినిండా తుప్పుతో మంకీ క్యాపుల మధ్య తలెత్తుకుని నిలబడ్డ ఆ పిల్ల గుర్తొస్తుంది. దాని పొగరు ఇప్పుడు నాలో ఎంత మిగిలిందో తెలియదు. నవ్వుకుని, బోల్టు ఇంకాస్త బిగిస్తాను.