అక్క బుడగ, నా ప్రహరీ

లేని తప్పు కోసం మా అక్క పద్నాలుగు నెలలు వెతికింది. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

నేను తాపీమేస్త్రీని. అక్కది యూనివర్సిటీలో భౌతికశాస్త్రం లెక్కలు చేసే ఉద్యోగం, ఏడాదికోసారి పొడిగిస్తారు. మనం ఖాళీ అనుకునే చోటు శక్తిలో అట్టడుగు మెట్టు కాకపోవచ్చట, దాని కింద ఇంకో మెట్టు ఉండవచ్చట. ఎక్కడైనా ఆ కింది మెట్టు తాలూకు బుడగ పుట్టి నిలదొక్కుకుంటే, పెరిగి పెరిగి లోకాన్నంతా మింగేస్తుందట. అది ఎంత కాలానికి పుడుతుందో తేల్చడం అక్క పని. లోకం సంగతి సరే, ఆ ఏడాది వ్యాసం అచ్చు కాకపోతే అక్క ఉద్యోగం ఊడుతుంది. ఇంట్లో అందరి బెంగా అదే.

గురుత్వాకర్షణ లేకుండా లెక్కిస్తే బుడగ చక్కగా వచ్చేది. దాన్ని కలపగానే కంప్యూటరు బుడగ లేదనేది.

"గురుత్వాకర్షణ ఇక్కడ పిసరంత. దానివల్ల ఏమవుతుందమ్మా? నీ ప్రోగ్రాంలోనే తప్పుంది" అన్నారు వాళ్ల ప్రొఫెసరు.

అక్క నమ్మింది. ప్రోగ్రాం అంతా వరస వరసా విప్పి చూసింది. అన్నం ముందు కూర్చుని కూడా కంచంలో వేలితో అంకెలు గీసేది. చివరికి విసిగిపోయి, కంప్యూటరు లెక్కలో వేసే అడుగులు కాస్త పెద్దవి చేసి, లెక్కని మొరటుగా నడిపింది. బుడగ వచ్చింది. వ్యాసం పంపేసింది.

తర్వాత ఒక మధ్యాహ్నం నాకు క్యారేజీ తెచ్చి, నేను కడుతున్న ప్రహరీ పక్కన ఇటుకల మీద కూర్చుంది. ముఖం వాడిపోయి ఉంది.

"ఏంటక్కా అలా ఉన్నావ్?"

"ఆ బుడగ మీద నాకే నమ్మకం కుదరట్లేదురా. చిన్న జాగాకి ప్రహరీ దండగంటావు కదా, ఎందుకు?"

"ఇటుకలన్నీ గోడకే పోతాయి, లోపల చోటేం మిగలదు. జాగా పెద్దదయ్యేకొద్దీ గోడకంటే చోటు ఎక్కువ పెరుగుతుంది. అప్పుడు గిట్టుబాటు."

"బుడగా అంతే, దానికీ గోడ ఖర్చు, లోపలి చోటు లాభం. మరి ఎంత పెద్దది కట్టినా, గోడ పెరిగినంతే లోపలి చోటూ పెరిగితే?"

"అలాంటి జాగాలో ఎవడు కడతాడు? నేనైతే తాపీ పడేసి ఇంటికి పోతా."

అక్క ఇటుకల మీంచి దిగ్గున లేచింది.

"గురుత్వాకర్షణ లోపలి చోటుని అలాగే వంచేస్తుందిరా. గోడ మరీ బరువైతే బుడగ పుట్టదని తెలుసు. మా బుడగ గోడ అంత బరువు కాదనుకున్నాం. కంప్యూటరు మొదట్నుంచీ నిజమే చెప్పింది. నేనే దాని నోరు నొక్కేశాను."

మర్నాడు అడుగులు చిన్నవి చేసి మళ్లీ లెక్కించింది. బుడగ లేదు. వ్యాసం వెనక్కి తీసుకుంటానంది.

"ఊరుకోమ్మా, ఎవరు చూడొచ్చారు?" అన్నారు ప్రొఫెసరు. సిగ్గులేకుండా నేనూ అదే అన్నాను. అక్క చూసిన చూపుకి తల దించుకున్నాను.

పాతది వెనక్కి తీసుకుని, కొత్తది రాసి పంపింది. అది తిరిగొచ్చింది. 'ఇందులో ఏమీ జరగలేదు' అని పత్రికవాళ్లు ఒక్క ముక్క రాశారు. ఏమీ జరగదనే కదా మహానుభావా, ఆవిడ నిరూపించింది!

ఉద్యోగం పొడిగించలేదు. కాగితాల పెట్టెలు నా బండి మీదే ఇంటికి తెచ్చాను. అమ్మ గుమ్మంలోనే అడిగింది.

"అయితే ఆ బుడగ రాదంటావా?"

"నేను చేసిన లెక్కలో రాదమ్మా. ఎన్ని యుగాలైనా రాదు."

"పోన్లే, లోకానికేం కాదు. మరి నీ సంగతేంటే?"

అక్క చేతిలో పెట్టె కింద పెట్టి, గడప మీదే కూర్చుని భోరుమంది.