గుర్రం బొమ్మ పుస్తకాల అక్క

అక్క చనిపోయిందన్న కబురు ఎదురింటి యజమానురాలు మామా చెప్పింది. చలి తగ్గుతున్న రోజుల్లో ఒక బుధవారం పొద్దున ఆవిడ నాకు ఫోన్ చేసింది. పదేళ్లుగా ఎదురెదురుగా ఉంటున్నా ఆవిడ నాకు ఫోన్ చేయడం అదే మొదటిసారి. వచ్చీరాని ఇంగ్లీషులో, "మీ సిస్టర్ కిచెన్‌లో పడిపోయింది, అంబులెన్స్ వచ్చింది, ఖలాస్" అంది. తర్వాత ఏడ్చింది. పని ముగిసినా, సరుకు అయిపోయినా, ఉద్యోగం పోయినా ఇక్కడ కువైట్‌లో అదే మాట. మనిషి పోయినా అదేనని ఆ రోజు తెలిసింది.

అక్క నా తోబుట్టువు కాదు. రాయచోటి దగ్గర పల్లె నుంచి ఇరవై రెండేళ్ల కిందట కువైట్ వచ్చి, ఫింటాస్‌లో మా బిల్డింగుకు ఎదురుగా ఉన్న విల్లాలో ఇంటిపని చేసిన మనిషి. ఆ ఇంటి యజమానురాలిని పనిచేసే ఆడవాళ్లందరిలాగే మామా అనేది. విని విని నాకూ అదే అలవాటైంది.

అక్క శవం ఉన్న పెట్టె కడపకు చేరిన మర్నాడు అక్క కొడుకు నాకు మెసేజ్ పెట్టాడు. "ఆంటీ, మీరు పత్రికలకు రాస్తారు గదా. మా అమ్మ గురించి నాలుగు మంచి మాటలు రాయండి. పెద్దకర్మ రోజు అచ్చేసి పంచుతాం." అప్పటికే ఇక్కడి తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో అందరూ రాసేశారు. త్యాగమూర్తి అట. కొడుకు కోసమే బతికిందట. తన కోసం ఏనాడూ ఏమీ అడగలేదట. ఆ చివరి మాట అబద్ధం. అక్క ఒకటి అడిగింది. అది దక్కకుండా చేసినవాళ్లలో నేనూ ఉన్నాను. అందుకే ఇది ఆ అబ్బాయి అచ్చేసుకునే వ్యాసం కాదు.

మేం మొదట మాట్లాడుకున్నది మా వీధి బకాలాలో, అంటే సరుకుల కొట్లో. నేను పెరుగు డబ్బా తీసుకుంటున్నాను. ఫోన్లో నా తెలుగు విన్నట్టుంది, మోచేతుల దాకా తడి ఆరని చేతులతో ఒకావిడ దగ్గరికి వచ్చి అడిగింది.

"పాపా, నీకు ఇంగ్లీషు వచ్చునా? హోమ్‌స్టెడ్ అంటే ఏమి?"

"ఇల్లు అండీ" అన్నాను.

"ఇల్లు అయితే హోమ్ అని ఊరుకుంటారు గదా. ఆ స్టెడ్ ఏంటికి?"

నాకు తెలియదు. వారం తర్వాత ఆవిడే కనుక్కుని వచ్చి చెప్పింది. "అమెరికాలో శానా ఏండ్ల కిందట గవర్నమెంటు బీడు భూమి ఇచ్చేదంట పాపా. ఐదేండ్లు ఆడ్నే గుడిసె ఏసుకోని సేద్యం చేసుకుంటే ఆ భూమి వాళ్లదే అయిపోతాదంట. ఐదేండ్లకే!" అని, రోడ్డవతలి విల్లా వైపు చూసి నవ్వింది. "నేనొచ్చి పన్నెండేండ్లాయ. నాకి ఈడ ఉండేదానికి ఇచ్చే కాయితం, ఇఖామా ఒగటే. అదీ మళ్లా మళ్లా కొత్తది చేపిచ్చుకోవల్ల."

హోమ్‌స్టెడ్ అన్న మాట ఆమెకు దొరికిన పుస్తకాలు మామా పెద్ద కూతురివి. అమెరికాలో చదువుకుంటూ తెచ్చుకుని, పెళ్లయి వెళ్తూ అట్టపెట్టె మొత్తం చెత్తలో వేయమంది. అక్క వేయలేదు. తన మంచం కిందికి తోసుకుంది. అట్టల మీద గుర్రం, టోపీ పెట్టుకున్న మగవాడు, గాలికి ఎగిరే పొడుగు గౌనులో ఆడమనిషి, వెనక పొద్దుగూకుతున్న బీడు. నూట యాభై ఏళ్ల కిందటి అమెరికా పడమటి సీమ ప్రేమకథలు. అక్క చదివింది పదో తరగతి. ఫోన్లో డిక్షనరీ చూసుకుంటూ, పేజీ అంచుల్లో పెన్సిలుతో తెలుగు అర్థాలు రాసుకుంటూ చదివితే మొదటి పుస్తకానికి ఏడు నెలలు పట్టిందట. నేను ఆమెను ఎరిగేనాటికి నెలకు రెండు పూర్తిచేసేది.

శుక్రవారం మధ్యాహ్నం మామా వాళ్లు పెద్దాళ్ల ఇంటికి భోజనానికి వెళ్లేవారు. అక్కకు ఆ మూడు గంటలూ సెలవు. మా ఇంటికి వచ్చేది. కుర్చీ చూపిస్తే కూర్చునేది కాదు. వంటింటి గుమ్మానికి ఆనుకుని కింద కూర్చుని, నేను కూర తరుగుతుంటే కథ చెప్పేది. ఆమె నోట ఆ అమెరికా వాళ్లందరూ రాయచోటి వాళ్లయిపోయేవారు.

"ఆ పిల్లకు అమ్మా నాయనా లేరు పాపా. పేపర్లో ప్రకటన చూసి, మొగం ఎరగని వానికి జాబు రాసింది. పెండ్లాం కావల్ల, వంట రావల్ల అని ఏసినాడు ఆయప్ప. ఒక పెట్టె పట్టుకోని మూడు దినాలు రైల్లో పొయింది. దిగితే స్టేషన్లో ఎవురూ లేరు. దుమ్ము. ఒకటే దుమ్ము."

ఇక్కడ ఆగేది. నేను కత్తి పక్కన పెట్టేసేదాన్ని.

"తర్వాత?"

"తర్వాత ఏముండాది. ఆలస్యంగా వచ్చినాడు. గుర్రం దిగి, టోపీ తీసినాడు."

టోపీ తీసే దగ్గర ఆమె గొంతు మారిపోయేది. 

నేను తెలుగు ఎమ్మే చదివినదాన్ని. పత్రికల్లో కథలు పడ్డాయన్న గర్వం ఒకటి. ఒకరోజు ఎగతాళి చేశాను. "అన్నీ ఒకటే కథ కదక్కా. పైగా ఆ భూమి అసలు వాళ్లది కాదు. అక్కడున్నవాళ్లను తరిమేసి పంచుకున్నారు."

"తెలుసు పాపా. ఆ భూమి వాళ్లు ఈ పుస్తకాల్లో గుర్రాలు దొంగిలించేదానికే వస్తారు. ఆడ నా మనసుకు బాగుండదు. పేజీ తిప్పేస్తా." కింద పడ్డ కూర ముక్క ఏరి ఇస్తూ అంది. "కానీ ఒగటి చెప్పు. మన నవలల్లో పనిచేసే ఆడదాన్ని ఎవురన్నా ప్రేమించినారా? మన కతల్లో పనిమనిషి కాఫీ తెచ్చిపెట్టి పోతాది. ఈ కతల్లో ఆయమ్మ నీళ్లు చేదుతాది, పొయ్యి ఊదుతాది, చేతులు పగిలి ఉంటాయి. ఆ పగిలిన చేతుల్నే చూస్తాడు ఆయప్ప. ఒక పెట్టె పట్టుకోని పరాయి దేశం పొయ్యి, ఎవురింట్లోనో చాకిరీకి దిగే దాకా నాదీ వాళ్లదీ ఒకటే కత. ఆడికే. ఆ తర్వాత పేజీలు నాకి లేవు. అందుకే వాళ్లవి చదువుకుంటాండా."

ఆమె వెళ్లాక నా కథలన్నీ తిరగేశాను. ఐదు కథల్లో పనిమనిషి ఉంది. ఐదింటిలోనూ కాఫీయే తెస్తోంది.

అక్క భర్త, కొడుకుకు నాలుగేళ్లప్పుడు వేరే ఆమెతో వెళ్లిపోయి, తర్వాత ఎక్కడో జబ్బు చేసి పోయాడు. ఆ సంగతి ఒక్కసారే చెప్పింది, అదీ గిన్నెలు సర్దుతూ, నా వైపు చూడకుండా.

మామా వాళ్లకు ఊరికి దూరంగా, ఎడారిలో సాగు చేసే వఫ్రాలో తోట ఉంది. చలికాలంలో కుటుంబమంతా అక్కడికి వెళ్తే వంటకు అక్క వెళ్లేది. ఆ తోటలో మేకలు కాసే ఆయనది జగిత్యాల వైపు ఊరు. భార్య పోయింది, కూతుళ్ల పెళ్లిళ్లయ్యాయి. అక్క చేతిలో పుస్తకం అట్ట చూసి, "గీ టోపాయన మీ బాబా దోస్తా?" అని, మామా భర్తను ఉద్దేశించి, అడిగాడట. ఆ మాట అక్క నాకు వరుసగా మూడు శుక్రవారాలు చెప్పింది. చెప్పిన ప్రతిసారీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం గిన్నెలు కడిగాక ఆయనకు ఫోన్లో కథ చెప్పేది. "ఆయనకు గుర్రం లేదు పాపా, నీళ్ల ట్యాంకరు ఉండాది" అనేది.

ఆయనను నేను ఒక్కసారే చూశాను. మేం వఫ్రాకు టమాటాల కోసం వెళ్లినప్పుడు, దారి అడగడానికి అక్క ఇచ్చిన ఆయన నంబరుకు నా ఫోను నుంచి చేశాం. కంచె దగ్గర నిలబడి ఉన్నాడు. యాభై దాటిన మనిషి, ముందు పన్ను ఒకటి లేదు. నేను కారు దిగగానే తలకు చుట్టుకున్న గుడ్డ విప్పి చేతిలో పట్టుకున్నాడు.

"అమ్మా, మీరు సదువుకున్నోళ్లు. ఒక్క మాట ఆమెకు చెప్పుండ్రి. ఊళ్లె నాకు అరెకరం పసుపు చేనున్నది. ఇంకో ఏడాదికి ఇంటికి పోత. ఆమె సరేనంటె రిజిస్టర్ ఆఫీసుల లగ్గం సంతకం పెట్టి తీస్కపోత. దొంగతనంగ కాదు."

చెప్పాను. అక్క చాలాసేపు తన చేతులు చూసుకుంది.

"సరే అంటా పాపా. నా కొడుక్కి నేనే చెప్పుకుంటా. ఈసారి లీవు పొయినప్పుడు ఎదురుగ్గా కూర్చోబెట్టుకోని చెప్తా. అంతదాకా నువ్వు ఎవురికీ చెప్పాకు."

అక్క తన కోసం అడిగింది అదే, ఆయనతో వెళ్లడం, ఆ మాట తనే చెప్పుకోవడం.

పది రోజుల తర్వాత కొడుకు నాకు ఫోన్ చేశాడు. "ఆంటీ, మా అమ్మ ఫోను ఎప్పుడు చేసినా బిజీ వస్తాంది. ఎవురితో మాట్లాడుతాంది? మీకు తెలియకుండా ఉండదు." తెలియదు అంటే సరిపోయేది. చెప్పాను. అప్పుడు నా దగ్గర మంచి మంచి కారణాలున్నాయి. అబ్బాయికి సంబంధాలు చూస్తున్నారు, నలుగురూ నవ్వుతారు, ఈమె మోసపోతుందేమో. "ఆ పుస్తకాలు చదివీ చదివీ మీ అమ్మకు అలా అనిపిస్తోంది బాబూ" అని కూడా అన్నాను. ఆ మాట ఎవరూ నా నోట పెట్టలేదు.

అతను తల్లితో మాట్లాడలేదు. మామాకు ఫోన్ చేశాడు. వారం తిరిగేసరికి మేకలాయన ఇఖామా రద్దయింది. అక్క ఫోను మామా బీరువాలోకి వెళ్లింది. శుక్రవారాలు ఆగిపోయాయి. అట్టపెట్టె వీధి చివర చెత్త డబ్బా పక్కకు వచ్చింది. బాల్కనీలోంచి చూశాను. గాలికి పుస్తకాల అట్టలు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉన్నాయి. రెండంతస్తులు దిగితే చాలు, తెచ్చి దాచవచ్చు. దిగలేదు. సాయంత్రం చెత్త లారీ వచ్చింది.

విమానాశ్రయం నుంచి ఆయన నాకు ఫోన్ చేశాడు. "అమ్మా, ఆమె ఫోన్ కలుస్తలేదు. మంచిగనే ఉన్నదా? మా ఊరి నంబరు రాసుకోండ్రి. ఆమెకియ్యుండ్రి. గంతే." రాసుకున్నాను.

మూడు నెలల తర్వాత అక్క వచ్చింది. మొదటిసారి కుర్చీలో కూర్చుంది.

"నువ్వే చెప్తివి గదా పాపా."

అవునన్నాను. కారణాలు మొదలుపెట్టబోయాను.

"గమ్మునుండు. ఆ కతల్లో ప్రతి ఊర్లోనూ ఒకామె ఉంటాది. పోస్టాఫీసులోనో అంగట్లోనో. అందరి జాబులూ ఆమెకు తెలుసు. చెడ్డది కాదు, వారం వారం ప్రార్థనకు పోతాది. ఆమె ఒక మాట జారిస్తే ఎవురిదో బతుకు పోతాది. కడాకు ఆమె ఏడుస్తాది, అందరూ క్షమిస్తారు. ఆ పేజీలు నాకి ఎప్పుడూ నచ్చల్యా." తర్వాత గొంతు తగ్గించి అడిగింది. "ఆయన నంబరు నీ కాడ ఉండాదా? నా ఫోన్లో అన్నీ తుడిచేసినారు."

"లేదక్కా" అన్నాను.

ఎందుకలా అన్నానో ఇవాళ్టికీ సరిగా చెప్పలేను. మళ్లీ గొడవ ఎందుకనుకున్నానో, నేను చేసింది మంచిదేనని నాకు నేను చెప్పుకోవాలనుకున్నానో. అక్క తల ఊపి, టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి వెళ్లిపోయింది.

ఆ తర్వాత ఆరేళ్లు వస్తూనే ఉంది. కుర్చీలో కూర్చుని ఉల్లిపాయల గురించి, కొడుకు పెళ్లి గురించి, మనవరాలి పళ్ల గురించి మాట్లాడేది. నాకు జ్వరం వస్తే మిరియాల చారు పెట్టి తెచ్చింది. కథ మాత్రం చెప్పలేదు. ఒకసారి బతిమాలాను. "మర్చిపోతి పాపా" అంది. ఇప్పుడు నేను రాసే కథల్లో పనిచేసే ఆడవాళ్లకు చేతులున్నాయి, ఆ చేతుల మీద ఒక చూపు ఉంది. అది అక్క నాకిచ్చింది. నేను ఆమెకు ఏమిచ్చానో రాశాను.

కొడుకు మెసేజ్ చూసిన రోజే పాత డైరీ తీసి ఆ నంబరుకు ఫోన్ చేశాను. ఆయనే ఎత్తాడు. వెనక ఏదో పెద్ద చప్పుడు. నేనెవరో చెప్పాను.

"వఫ్రాకొచ్చినమ్మ గదా. పసుపు పాలిష్ పడుతున్నం, డ్రమ్ము చప్పుడు. గట్టిగ చెప్పుండ్రి."

గట్టిగా చెప్పాను. అలాంటి మాట గట్టిగా అరిచి చెప్పడం ఎంత ఘోరమో అప్పుడు తెలిసింది. 

"గా పొద్దున ఏమన్న తిన్నదా?" అని అడిగాడు.

ఇంట్లో అందరికీ వడ్డించి, తన టీ పోసుకుంటూ పడిపోయిందని మామా చెప్పింది.

"తినలేదండీ" అన్నాను.

ఆయన ఫోను పెట్టేయలేదు. ఎవరినో "ఆపుండ్రి" అని కేకేశాడు. డ్రమ్ము తిరగడం మెల్లమెల్లగా తగ్గి ఆగింది. దాని లోపల పసుపు కొమ్ములు ఒకదాని మీద ఒకటి జారి సర్దుకుంటున్న చప్పుడు ఇంకా కాసేపు వినిపించింది.