చింతపండుతో తోమిన వైబ్రాఫోన్

ఈ పొద్దున పక్కింటి వాకిట్లో ఎవరో ఇత్తడి బిందెకు చింతపండు రుద్దుతున్నారు. ఆ వాసనకు ఎవరికైనా పళ్లు జివ్వుమంటాయి. నాకు గుండె జివ్వుమంది. పోయిన చలికాలం మా తమ్ముడు కామారెడ్డిలోని మా ఇంటికి తన వైబ్రాఫోన్ తెచ్చుకున్నాడు. డైనింగ్ టేబులంత వాద్యం. బంగారు రంగు పూత వేసిన లోహపు పట్టీలు, వాటి కింద గొట్టాలు, గొట్టాల్లో మోటారుతో తిరిగే రేకులు. నూలు చుట్టిన పుల్లతో కొడితే నాదం సన్నగా వణుకుతూ నిలుస్తుంది, కాలి కింది పెడల్ వదిలేదాకా. హైదరాబాద్‌లో ఆర్కెస్ట్రా వెనక వరుసలో ఏండ్లుగా నిలబడ్డవాడికి, మొదటిసారి అందరికంటే ముందు నిలబడి వాయించే అవకాశం వచ్చింది. అపార్ట్‌మెంటులో పొరుగువాళ్లు ఊరుకోక, సాధనకు మా ఇల్లు ఎంచుకున్నాడు. నా చెవులు కళ్లద్దాలు మోయడానికే పుట్టాయని వాడి నమ్మకం.

మా అమ్మను మేం అవ్వ అంటాం. కచేరీ చూద్దామని ఎల్లారెడ్డి నుంచి ముందే వచ్చి, రోజూ సాధన వింటూ కూర్చునేది. ఒకనాడు మేమిద్దరం బజారుకు పోయొచ్చేసరికి, పట్టీలను కలిపి ఉంచే తాడు విప్పి అన్నిటినీ పెరట్లో వేసుకుని, చింతపండూ ఇటుక పొడీ పెట్టి పట్టి పట్టి తోమి, ఎండలో ఆరబెట్టింది. బంగారు రంగు పోయి బూడిద మచ్చలు తేలాయి.

"గంత మంది ముంగట నిలబడెటోడివి, కిలుం పట్టిన సామాను కొడ్తవా బిడ్డా" అంది.

తమ్ముడు పట్టీలు మళ్లీ ఎక్కించి ఒక్కొక్కటే కొట్టి చూశాడు. రెండింటి దగ్గర చెయ్యి ఆగింది. శ్రుతి జారింది. కచేరీ ఎల్లుండే, సరిచేసేవాళ్లు గానీ, అరువిచ్చేవాళ్లు గానీ దొరకలేదు.

"ఖరాబైందా చిన్నోడా?"

"ఏం కాలే అవ్వా. మంచిగ మెరుస్తున్నయి."

కచేరీలో ఒకచోట వయొలిన్లన్నీ ఆగిపోయి వాడొక్కడే మిగిలాడు. ఆ రెండు స్వరాలూ అక్కడే దీర్ఘంగా సాగాలి. వాడు కొట్టిన వెంటనే రెండో పుల్లతో వాటిని అదిమేశాడు. జనం చప్పట్లు కొట్టారు. అవ్వ చేతులు ఒళ్లోనే ఉన్నాయి.

"గా రెండు సప్పుళ్లు ఎందుకు నొక్కేసిండు? ఇంట్ల శానా దూరం పోతుండె."

"పాట గట్లనే ఉంటదవ్వా."

"నువ్వు చెప్పకు పెద్దోడా, నీకేం వినొస్తది." ఆ వెంటనే, "నేను తోమినందుకే గదా" అంది.

ఇప్పుడు కొత్త పట్టీలు వచ్చాయి. మళ్లీ ముందుకు పిలుస్తారని తమ్ముడు ధీమాగానే ఉన్నాడు. ఎప్పుడని అవ్వ ప్రతి ఫోనులోనూ అడుగుతుంది; వచ్చే ఏడాది అంటాడు వాడు. వాడికది ఇంకో ఏడాది. అవ్వకు, మిగిలిన కొద్ది ఏండ్లలో ఒకటి.