ఇద్దరి ఆట నేర్పిన చిన్నబాపు

పోయిన సోమవారం ఖానాపూర్‌లో నేను పనిచేసే స్కూల్లో పిల్లలతో కబడ్డీ ఆడిస్తుంటే హెడ్మాస్టర్ గారు ఫోన్ వచ్చిందని పిలిపించారు. అవతల కరీంనగర్ నుంచి మా అన్న.

"చిన్నబాపు పోయిండు చెల్లె. పొద్దుగాల ఛాతిల నొస్తుందన్నడు. దవాఖానకు తీస్కపోయేలోపట్నే అయిపోయింది."

బాపు తమ్ముణ్ని మేం చిన్నబాపు అంటాం. కరీంనగర్‌లో టెన్నిస్ రాకెట్ పట్టిన పిల్లలందరికీ ఆయన కోచ్ సాబ్. నాకు రెండూ. బస్సులో కూర్చున్నాక ఏడుపు వస్తుందనుకున్నాను. దారి పొడుగునా ఆయన గెలుపులే గుర్తొచ్చాయి.

మాది సుల్తానాబాద్‌లో వరి పండించే ఇల్లు. అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమంతో కాలేజీలు మూతపడితే, కరీంనగర్‌లో చదువుతున్న చిన్నబాపు ఇంటికి రాకుండా క్లబ్బులో టెన్నిస్ కోర్టు పట్టుకుని ఉండిపోయాడు. సభ్యులు ఆడి వెళ్లాక మిగిలిన వెలుగులో ఆడేవాడు. అక్కడే ఆదిలాబాద్ నుంచి చదువుకోవడానికి వచ్చిన విఠల్ జత కలిశాడు. ఒంటరిగా ఆడితే ఇద్దరూ అంతంతమాత్రమే. చిన్నబాపుకు పరుగు తక్కువ, విఠల్‌కు బలం తక్కువ. ఇద్దరూ ఒక దిక్కున నిలబడ్డారంటే మాత్రం అవతలివాళ్లకు బంతి వేయడానికి చోటు దొరికేది కాదు. తర్వాత చిన్నబాపు కరీంనగర్‌లో గుమస్తా అయ్యాడు, విఠల్ ఆదిలాబాద్‌లో పంతులయ్యాడు. సెలవు దొరికితే చాలు, బస్సెక్కి ఒకరి ఊరికి ఒకరు వెళ్లి ఆడేవారు.

ఒక ఏడాది రాష్ట్ర పోటీల ముందు విఠల్‌కు టైఫాయిడ్ వచ్చింది. తేరుకున్నాడు కానీ మనిషి సగమయ్యాడు. హైదరాబాద్‌లో ఒక పెద్దమనిషి మంచి పేరున్న ఆటగాణ్ని చూపించి, అతనితో కలిసి ఆడమన్నాడు. చిన్నబాపును అన్నలా ‘భావూ’ అని పిలిచే విఠల్ కూడా అదే మాట అన్నాడట.

"భావూ, నా గురించి సోంచాయించకు. ఆయనతోని ఆడు."

"నా ఎడమ దిక్కు నువ్వుంటెనే నేను కుడి దిక్కు నిమ్మళంగ చూసుకుంట" అన్నాడట చిన్నబాపు. "వేరేటోడుంటె నా కండ్లు రెండు దిక్కులుంటయి."

ఆ పేరున్న ఆటగాడు మరొకరితో జతకట్టి ఫైనల్లో వీళ్లకే ఎదురుపడ్డాడు. మొదటి సెట్ పోయింది. రెండో సెట్‌లో విఠల్‌ను పరుగెత్తనివ్వకుండా చిన్నబాపు పాయింట్లన్నీ నెట్ దగ్గరే తెగ్గొట్టి సెట్ గెలిపించాడు. అలా ఊపిరి మిగుల్చుకున్న విఠల్ మూడో సెట్‌లో తన సర్వీసుతోనే ఆట ముగించాడు.

ఇంటికొచ్చిన కప్పును చూసి తాత అడిగిన మాట నాకు గుర్తుంది. "ఇద్దరు గెలిస్తె కప్పు ఎవరింట్ల పెడ్తర్రా?"

"ఆర్నెల్లు మనింట్ల, ఆర్నెల్లు ఆదిలాబాద్‌ల బాపూ."

"మరి గెలుపు? సగం నీది, సగం ఆయనదా?"

"సగం సగం గాదు. ఇద్దరికీ నిండుగనే."

ఎనభైల్లో ఆయన భుజం పట్టేసింది. ఆట ఆగిపోయిందని ఎవరైనా జాలిపడితే, "ఆగలే. ఇప్పుడు నాలుగు చేతులతోని ఆడుతున్న" అనేవాడు. ఆ నాలుగు చేతులు నావీ, లక్ష్మివీ. లక్ష్మి కరీంనగర్‌లో మరమగ్గం నడిపే ఆయన కూతురు. మా ఇద్దరి చేతికీ ఒకే తువ్వాల చెరో కొస ఇచ్చి, అది జారిపోకుండా కోర్టంతా పరుగెత్తించేవాడు. అరటిపండు ఇచ్చినా ఇద్దరికీ కలిపి ఒకటే. ఒక్కరినే మెచ్చుకోవడం ఆయన నోట ఎన్నడూ వినలేదు. నేను ఒకసారి లక్ష్మి వైపు వచ్చిన బంతిని కొట్టి పాయింటు తెస్తే ఆట ఆపేశాడు.

"ఆమె బంతి నువ్వు తీసుకుంటె పాయింటొస్తది గని, పిల్ల పోతది" అన్నాడు. "ఆమె తప్పు కొట్టినప్పుడు ఎనక్కి తిరిగి చూడకు. తప్పయిందని గామెకు తెల్వదా?"

ఆ మాటల విలువ హైదరాబాద్‌లో రాష్ట్ర జూనియర్ల ఫైనల్లో తెలిసింది. ఎదుట తెల్లటి స్కర్టుల్లో నగరం అమ్మాయిలు. స్కూలు సల్వార్లలో మేము. లక్ష్మి సర్వీసులు వరుసగా నెట్‌కు తగిలాయి. మొదటి సెట్ పోయింది.

"నాతోని అయితలేదే. అన్ని నువ్వే కొట్టు" అంది లక్ష్మి, కళ్లనీళ్లతో.

నేను గ్యాలరీ వైపు చూశాను. చిన్నబాపు నింపాదిగా పల్లీలు ఒలుచుకుంటున్నాడు. ముఖంలో పరేషాన్ లేదు.

"నీ దిక్కు నేను రాను" అన్నాను. "నువ్వు కొట్టు. పోతె ఇద్దరం పోదాం."

ఆమె ముక్కు తుడుచుకుని నవ్వింది. తర్వాత సర్వీసు లోపల పడింది. రెండో సెట్ మాది. మూడో సెట్ చివర బంతి చాలా ఎత్తున లేచి లక్ష్మి వైపు దిగుతోంది. నేనే అందుకుంటానని అవతలివాళ్లు నన్నే చూస్తున్నారు. నేను పక్కకు తప్పుకున్నాను. లక్ష్మి ఎగిరి కొట్టింది. బంతి వాళ్లిద్దరి మధ్య నుంచి వెళ్లి వెనక కంచెను తాకింది.

చిన్నబాపు గ్యాలరీ దిగి వచ్చి మా ఇద్దరి తలలనూ ఒకేసారి దగ్గరికి లాక్కున్నాడు. ఆయన చొక్కా నుంచి పల్లీల వాసన వచ్చింది.

మర్నాడు కరీంనగర్ బస్టాండులో దిగేసరికి లక్ష్మి వాళ్ల బాపు మగ్గం బంద్ పెట్టి వచ్చి నిలబడి ఉన్నాడు. టెన్నిస్ ఎట్లా ఉంటుందో ఆయన ఎన్నడూ చూడలేదు.

"గెలిచిండ్రట గద సారూ. బిడ్డ మంచిగ ఆడిందా?" అని అడిగాడు మెల్లగా.

చిన్నబాపు రాకెట్ తీసి ఆయన చేతిలో పెట్టాడు. "చివరి దెబ్బ ఎట్ల కొట్టిందో చూపిస్త, పట్టు" అని కొంత దూరం వెళ్లి నిలబడ్డాడు. "బంతి మీదికెల్లొస్తుంది. చెయ్యి లేపు. ఇంక లేపు. ఆ, ఇప్పుడు కొట్టు."

లుంగీ ఎగగట్టుకున్న ఆ నేతకారుడు ఖాళీ ఆకాశంలోకి రాకెట్ ఊపాడు. వెనక బస్సు డ్రైవరు హారన్ కొడుతూ కొడుతూ ఆపేసి చూస్తున్నాడు. చిన్నబాపు ఆ లేని బంతి వెంట రెండడుగులు పరుగెత్తి, అందక ఆగి, మూటలతో నిలబడ్డ జనం నడుమ చప్పట్లు కొడుతున్నాడు.