అడవినాభికి కట్టిన దారం

మాది సిరిసిల్లలో మగ్గాల ఇల్లు. సాంచెల, అంటే మరమగ్గాల, కింద రాలిన తుక్కు దారం మా ఇంట్లో దేనికైనా వాడేస్తారు. జగిత్యాల కాలేజీలో బాటనీ చెప్పే రోజుల్లో నేనూ వాడాను. కొడిమ్యాల గుట్టల్లో మొగ్గ తొడిగిన మొక్క కనిపిస్తే గుర్తుగా ఒక ఎర్ర పోగు కట్టి, పువ్వు విచ్చే వేళకు వెళ్లి ఫోటో తీసేవాణ్ణి. నక్సలైట్ అన్నలూ, వాళ్ల కోసం పోలీసులూ తిరిగే అడవిలో ఎర్రదారాలేమిటని ఇంట్లో మొత్తుకున్నారు. నేను వింటేగా.

గుట్ట కింద ఊళ్లో మేకలు కాసే ఓ పెద్దాయన నా వెంట నడిచేవాడు. మామా అని పిలిచేవాణ్ణి. తోడుకు వస్తున్నాడో, కనిపెట్టడానికి వస్తున్నాడో అని నాకు అనుమానం. ఆయనకూ నా మీద అంతే.

"పువ్వు కోసం గింత దూరం ఎవలన్న వస్తరా సారూ? అసలు సంగతేందో జెప్పు."

"పువ్వే మామా. ఒట్టు."

"ఒట్లు అందరు వెడ్తరు."

ఆ వానాకాలం కంచె పొడవునా నేను దారాలు కట్టిన అడవినాభి తీగ మంట రంగులో పూసింది. రీలంతా దానికే ఖర్చుపెట్టి ఊరి ముందు రోడ్డెక్కేసరికి పోలీసు జీపు ఆగింది. ఊళ్లోవాళ్లు మూగారు. సంచిలోంచి కెమెరాతో పాటు దారపు ఉండ బయటపడింది.

"ఎవలకు గుర్తులు వెడ్తున్నవ్? నీతోని తిరిగేటోడెవడు?" అన్నాడు ఎస్సై.

మామ మేకలతో పక్కనే ఉన్నాడు. ఆయన్ని చూపిస్తే స్టేషన్‌కు తీసుకుపోతారు. స్టేషన్‌కు పోయి క్షేమంగా తిరిగొచ్చినవాణ్ణి అన్నలు ఇన్ఫార్మర్ అంటారు. ఆ పైన ఏమవుతుందో ఆ చుట్టుపక్కల పసిపిల్లలకూ తెలుసు.

"ఎవరూ లేరు సార్. ఒక్కణ్ణే."

ఎస్సై నమ్మలేదు. మామను పిలిచి, "ఈన ఎర్కేనా?" అన్నాడు.

"ఎర్కలేదు సారూ. గిప్పుడే సూస్తున్న."

రీలు లాక్కుని జగిత్యాల స్టూడియోలో కడిగించారు. అన్నీ పువ్వులే. ఇన్ని పువ్వులెందుకని మళ్లీ అనుమానం! చివరికి విసుగొచ్చి వదిలేశారు.

కొన్నాళ్లకు గుట్టకు వెళితే నా దారాలన్నీ ఎవరో విప్పేశారు. మామకు ఏమైందోనని గుట్టంతా వెతికాను. అంతలో మేకల వెనక ఆయన కనిపించాడు. ప్రాణం లేచొచ్చి, "మామా!" అని కేకేశాను.

ఆయన అటూ ఇటూ చూసి దగ్గరికొచ్చాడు. గొంతు తగ్గించాడు.

"నువ్వెవలో ఎర్కలేదని జెప్పిన. ఊరంత ఇన్నది. దారాలు గూడ నేనే ఇప్పిన. ఇగ గదే నిజం గావాలె సారూ. రాకు."

మేకలను అదిలించుకుంటూ చెట్లలోకి వెళ్లిపోయాడు.